కిడ్నీ మార్పిడి అయినవారికి జలుబు, దగ్గు పట్టుకుంటే ఏం చేయాలి?

గుంటూరులో మిర్చి సీజన్ వస్తే దగ్గు మామూలే. యార్డు వైపు వెళ్లొచ్చినా, ఇంట్లో కారం దంచినా "ఘాటుకు వచ్చిందిలే" అనుకుంటాం. మన ఇంట్లో కిడ్నీ మార్పిడి అయిన మనిషి ఉంటే మాత్రం ఆ దగ్గును అలా వదిలేయకండి. ఫ్లూ ఎక్కువగా తిరిగే జనవరి–మార్చి నెలలు కూడా ఈ సీజన్‌లోనే పడతాయి.

కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వీళ్లు రోజూ ట్యాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసలోన్ లాంటి మందులు వాడతారు. అవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. దాంతో ఫ్లూ, కొవిడ్, ఆర్‌ఎస్‌వీ (జలుబు, దగ్గు తెచ్చే మరో వైరస్) లాంటివి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాగా మారే ప్రమాదం మిగతావాళ్లకన్నా వీళ్లకు ఎక్కువ. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ కూడా రక్తంలో పెరగొచ్చు. చాలామంది కోలుకుంటారు, కానీ వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

1. మొదటి రోజే ఫోన్ చేయండి

జ్వరం వచ్చేదాకా ఆగొద్దు. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతున్నవారిలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్లు వేడెక్కకపోవచ్చు. మార్పిడి చేసిన ఆసుపత్రికి లేదా మీ నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ డాక్టరుకు) చెప్పండి. ఆయాసం, ఛాతీ నొప్పి, మాట తడబడటం, మూత్రం బాగా తగ్గడం, ఆక్సిజన్ 94 కన్నా పడిపోవడం కనిపిస్తే ఫోన్‌తో సరిపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

2. ఏ వైరస్సో తెలుసుకోండి

ముక్కు, గొంతు నుంచి స్వాబ్ తీసి పరీక్షిస్తారు. ఫ్లూ అయితే ఒసెల్టామివిర్ ఇస్తారు. 48 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ మేలు. ఆలస్యమైనా వీళ్లకు ఇస్తారు కాబట్టి "రోజులు దాటిపోయాయి" అని ఊరుకోవద్దు. డోసు మాత్రం కిడ్నీ పనితీరును బట్టి డాక్టరే నిర్ణయించాలి.

3. మెడికల్ షాపులో అడిగి మందులు వాడొద్దు

నాకు ఎక్కువ భయం ఇక్కడే. ఊళ్లో ఆర్‌ఎంపీ గానీ, షాపులో కుర్రాడు గానీ మంచి మనసుతోనే ఇస్తారు, కానీ వాళ్లకు మన ట్యాక్రో (ట్యాక్రోలిమస్) సంగతి తెలియదు. జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ ఇచ్చే మాత్రల్లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ తరచూ ఉంటాయి. అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. చాలాసార్లు పారాసిటమాల్‌తో కలిసి ఒకే మాత్రలో వస్తాయి, అందుకే స్ట్రిప్ మీద పేర్లన్నీ చదవండి. విడిగా పారాసిటమాల్ అయితే డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవచ్చు.

క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, కొవిడ్‌కు ఇచ్చే ప్యాక్స్‌లోవిడ్ రక్తంలో ట్యాక్రో స్థాయిని ప్రమాదకరంగా పెంచేస్తాయి. అప్పుడు చేతులు వణుకుతాయి, కిడ్నీ దెబ్బతింటుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు "కిడ్నీ మార్పిడి అయింది, ఈ మందులు వాడుతున్నాం" అని చీటీ చూపించండి. ఇమ్యూనిటీ పెరుగుతుందని తిప్పతీగ కషాయం కూడా పట్టకండి. మందులతో మనం అణచి ఉంచుతున్నది ఆ ఇమ్యూనిటీనే.

4. రోజువారీ మాత్రలు సొంతంగా ఆపొద్దు

ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉంటే డాక్టరు మైకోఫెనొలేట్ తగ్గించవచ్చు, కొన్నాళ్లు ఆపించవచ్చు. ఆ నిర్ణయం ఆయనదే. మనంతట మనం ఆపితే శరీరం కిడ్నీని తిరస్కరించే ప్రమాదం ఉంది. వాంతులైతే, విరేచనాలైతే ఆ విషయం తప్పక చెప్పండి. విరేచనాలప్పుడు ట్యాక్రో స్థాయి పెరగొచ్చు. రక్తంలో ట్యాక్రో ఎంతుందో చూసే లెవెల్ టెస్టుకు కొత్తపేటలో ల్యాబుకు వెళ్లే రోజు ఉదయం ట్యాక్రో మాత్ర వేసుకోకుండా వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి.

5. తగ్గాక టీకా సంగతి అడగండి

ఏటా ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోకాకల్ టీకా (న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియాకు వేసేది) ఎప్పుడు వేయించుకోవాలో అడగండి. ముక్కులో స్ప్రేగా వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉంటుంది, అది వీళ్లకు పనికిరాదు. వీళ్లలో టీకా పూర్తిగా పనిచేయకపోవచ్చు. కాబట్టి ఇంట్లోవాళ్లంతా, ముఖ్యంగా బడికెళ్లే పిల్లలు కూడా ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోవాలి.