తాగునీటిలో పురుగుమందు: ముందు పరీక్ష, తర్వాతే ఫిల్టరు

పురుగుమందు అవశేషాలున్న నీళ్లు తేటగానే ఉంటాయి. ప్రమాదకర మోతాదు చేరినా రుచి, వాసన మారకపోవచ్చు. అనుమానం రాగానే చాలామంది నీళ్లు మరగబెడతారు. దాంతో క్రిములు చస్తాయి కానీ ఈ మందులు పోతాయన్న నమ్మకం లేదు. పది లీటర్లు మరిగి ఎనిమిదికి దిగితే, ఆవిరికాని మందు ఆ ఎనిమిదిలోనే మిగిలి గాఢత పావు వంతు పెరుగుతుంది. క్లోరిన్‌నూ, ఇళ్లలో వాడే యూవీ దీపాన్నీ కూడా ఈ పనికి నమ్ముకోవద్దు.

డీడీటీ, ఆల్డ్రిన్, డైల్డ్రిన్, లిండేన్ లాంటి పురుగుమందులు నీటిలో అంతగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుకే రోజూ చుక్కంత లోపలికి వెళ్లినా ఒంట్లో పేరుకుంటాయి, తల్లిపాలలోకీ వస్తాయి. నరాలు, కాలేయం, హార్మోన్ల మీద వీటి ప్రభావం ఉంటుంది. లిండేన్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో తేల్చింది. ఇది ఒక్క గ్లాసుతో వచ్చే ముప్పు కాదు, ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. పసివాళ్లు బరువు లెక్కన పెద్దల కన్నా ఎక్కువ నీళ్లు తాగుతారు కాబట్టి పాలపొడి కలిపే నీళ్ల సంగతి ముందు చూడాలి.

డీడీటీ మట్టికి అంటుకుని బురదతో ప్రయాణిస్తుంది. అట్రజిన్ అనే కలుపుమందు అలా కాదు, నీటితోపాటే భూగర్భంలోకి దిగుతుంది. కాబట్టి పిచికారీల కాలంలో, మందు కొట్టాక పడిన మొదటి పెద్ద వాన తర్వాత ఒక నమూనా తీయండి. ఎండాకాలపు నమూనా ఒక్కటే చూసి ధీమా పడితే మోసపోతారు.

నమూనాకు ల్యాబు ఇచ్చే ముదురు గోధుమరంగు గాజు సీసానే వాడాలి. ప్లాస్టిక్ ఈ మందుల్ని పీల్చేసుకుంటుంది, ఫలితం తక్కువగా వస్తుంది. సీసాను అదే నీటితో కడగొద్దు. లోపల తెల్లటి పొడి కనిపిస్తే అది క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్, పారబోయకండి. కుళాయికి ఉన్న రబ్బరు గొట్టం తీసేసి, ఐదు నిమిషాలు నీళ్లు వదిలాక పట్టండి. ఐసు పెట్టెలో పెట్టి మర్నాటికల్లా చేర్చండి.

డబ్బు కట్టేముందే ఒక ప్రశ్న అడగాలి: ‘మీ డిటెక్షన్ లిమిట్, అంటే మీరు పట్టగలిగే అతి తక్కువ మోతాదు ఎంత?’ ఆల్డ్రిన్, డైల్డ్రిన్ రెండూ కలిపి లీటరుకు 0.03 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. ల్యాబు 0.1 కన్నా తక్కువ పట్టలేకపోతే, రిపోర్టులో ‘కనబడలేదు’ అన్న మాటకు విలువే లేదు. టీడీఎస్ మీటరు అసలే పనికిరాదు, అది చూసేది లవణాలను.

మందు ఉందని తేలితే యాక్టివేటెడ్ కార్బన్ (మందును పట్టి ఉంచే బొగ్గు) ఫిల్టరు, లేదా కార్బన్‌తో కూడిన ఆర్వో పెట్టుకోవాలి. కార్బన్‌కు ముందు 5 మైక్రాన్ల వడపోత ఉండాలి, లేదంటే బురదతో త్వరగా మూసుకుపోతుంది. కుళాయి ధార పెంచితే నీరు కార్బన్‌ను తాకే సమయం తగ్గి మందు జారిపోతుంది. కంపెనీ చెప్పిన వేగం దాటొద్దు. కార్బన్ నిండిపోయినా ధార తగ్గదు, రుచి మారదు, అసలు చిక్కు అక్కడే. అందుకని మార్పును లీటర్లలో లెక్కేయండి: 3000 లీటర్ల కార్ట్రిడ్జి, రోజుకు 20 లీటర్ల వాడకమైతే 150 రోజులు. బిగించాక ఒకసారి, గడువు దగ్గరపడ్డాక మరోసారి ఫిల్టరు నుంచి వచ్చే నీటిని పరీక్షించండి.

బోరు దగ్గరే స్ప్రే ట్యాంకు నింపేటప్పుడు పైపు కొసను మందునీళ్లలో ముంచకండి. మోటారు ఆగిన క్షణంలో ఆ నీళ్లు వెనక్కి లాగబడి నేరుగా బోరులోకి పోతాయి. కొస ట్యాంకు అంచుకు జానెడు పైనే ఉంచి, పైపులో నీటిని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు బిగించండి.