వకీలు నాన్న జీవితాన్ని పుస్తకంగా తేవాలంటే

సంవత్సరీకానికి పంచే పుస్తకాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి: ముందు దండ వేసిన ఫోటో, మధ్యలో పొగడ్తలు, చివర వంశవృక్షం. ఆయన వకీలన్న సంగతి నల్లకోటు ఫోటోలో తప్ప ఎక్కడా కనబడదు. కర్నూలు, కడప, అనంతపురం కోర్టుల్లో దశాబ్దాలు తిరిగిన మనిషి పని అంతా కాగితాల మీదే ఉంటుంది. ముందు వాటిని పట్టుకోండి, జ్ఞాపకాలు తర్వాత అడగవచ్చు.

అన్నిటికన్నా విలువైనవి కేసు డైరీలు. బీరువాలోనో అటక మీదో ఏడాదికొకటి చొప్పున ఉంటాయి. ఒక పేజీ తీస్తే తేదీ కింద వరుసగా కేసు నంబరు, పక్షాల పేర్లు, కోర్టు, దశ, తర్వాతి వాయిదా కనబడతాయి. ఓ.ఎస్. అంటే సివిల్ దావా, ఏ.ఎస్. అప్పీలు, ఇ.పి. డిక్రీ అమలు, ఎస్.సి. సెషన్స్ కేసు. ‘పీడబ్ల్యూ 2 క్రాస్’ (కేసు వేసిన పక్షం రెండో సాక్షికి ఎదురు ప్రశ్నలు) అని ఉందని ఆ రోజు సాక్షిని ఉతికి ఆరేశారని రాసేయకండి. అది ఆ రోజుకు వేసిన పని మాత్రమే. తర్వాతి వాయిదా దగ్గర మళ్లీ అదే మాట ఉంటే ఆ రోజు క్రాస్ జరగలేదన్నమాట.

డైరీలన్నీ చదవక్కర్లేదు. ఐదేళ్లకొకటి తీసి, అందులో ఒక్క నెల వాయిదాలను రకాల వారీగా లెక్కపెట్టండి. మే నెల వద్దు, సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. క్రిమినల్ కేసులు ఎప్పుడు తగ్గాయి, భూతగాదాలు ఎప్పుడు పెరిగాయి, ఆదోనికో నంద్యాలకో ఏ ఏడాది నుంచి తిరిగారు, ఇవన్నీ ఆ లెక్కలోనే తేలతాయి. వకీలుకు ఉద్యోగిలా రిటైర్మెంట్ తేదీ ఉండదు. అందుకే ‘ఫలానా ఏడాది రిటైరయ్యారు’ అని ఇంట్లో తలా ఒక సంవత్సరం చెబుతారు. చివరి డైరీలో చివరి వాయిదా చూడండి. జూనియరుకు కేసులు అప్పజెప్పేటప్పుడు కొత్త వకాలత్ (కక్షిదారు వకీలుకు ఇచ్చే అధికార పత్రం) మీద తన అభ్యంతరం లేదని సంతకం పెట్టి ఉంటారు, ఆ తేదీలతో సరిచూసుకోండి. మొదటి తేదీకి సనదు, అంటే వకీలుగా నమోదైన పత్రం చాలు. అది కనబడకపోతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు పేరు, తండ్రి పేరు, సుమారు సంవత్సరం రాసి ఎన్‌రోల్‌మెంట్ వివరాలు అడగవచ్చు.

2009 అక్టోబరు వరదలో తడిసిన కర్నూలు ఇళ్లల్లో కాగితాలు అట్టలు కట్టి ఉంటాయి. వాటిని చేత్తో లాగితే అక్షరం కూడా ఊడి వస్తుంది. కట్టకు పక్కల నుంచి గాలి తగలనిచ్చి, పల్చటి ప్లాస్టిక్ స్కేలు మెల్లగా దూర్చి చూడండి. రాకపోతే వదిలేయండి. అతుక్కున్న ఫోటోలకు ఇంట్లో ఈ ప్రయత్నం వద్దే వద్దు. తుప్పు పట్టిన స్టేప్లర్ పిన్నును కూడా లాగకూడదు. కాగితానికీ పిన్నుకీ మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టి, కాళ్లు నిటారుగా చేసి తీయాలి. కార్బన్ కాపీల పల్చటి కాగితాన్ని స్కాన్ చేసేటప్పుడు వెనక తెల్ల కాగితం పెట్టండి. రెండు వైపులా టైపు ఉంటే నల్ల కాగితం పెడితే వెనక అక్షరాలు మసకబారతాయి. కాగితాలకు 300 డీపీఐ చాలు, పాస్‌పోర్టు సైజు ఫోటోలకు 600 ఉండాలి.

మనుషుల్లో మొదట కలవాల్సింది గుమాస్తాను. జడ్జీలూ తోటి వకీళ్లూ సభలో చెప్పే మాటలే చెబుతారు. గుమాస్తాకు ఫీజు బాకీలు, ఆయన కోపాలు, పొద్దున్నే వసారాలో కూర్చునే కక్షిదారులు, అన్నీ తెలుసు. ‘నాన్న ఎలాంటివారు?’ అని అడిగితే ‘దేవుడు’ అంటాడు, అక్కడితో అయిపోతుంది. ‘డిక్టేషన్ ఏ వేళప్పుడు చెప్పేవారు? ఫీజు కింద శెనక్కాయల మూట తెచ్చినవాళ్లు ఉన్నారా? ఏ కేసు ఓడిపోయాక రెండు రోజులు మాట్లాడలేదు?’ అని అడగండి. ఎదురు పక్షాన ఎక్కువసార్లు నిలబడిన వకీలునూ వదలకండి. ఆయన చెప్పే ఒక్క మెచ్చుకోలు మాట ఇంటివాళ్లు రాసే పది పేజీలకన్నా గట్టిది.

ఊర్ల దగ్గర తప్పులు ఎక్కువ. గిద్దలూరు, మార్కాపురం 1970 వరకు కర్నూలు జిల్లాలోవి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోవి. నంద్యాల, పుట్టపర్తి 2022లో వేరే జిల్లాల కేంద్రాలయ్యాయి. పుట్టిననాటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయండి. కర్నూలు రాజధానిగా ఉన్న 1953–56లో హైకోర్టు కూడా ఇక్కడే ఉండేదని కొందరు రాస్తుంటారు. అది 1954 జులైలో గుంటూరులో మొదలై, 1956లో హైదరాబాదుకు పోయింది. 2019 జనవరి 1 నుంచి అమరావతి. పాత కాగితాల్లోని జిల్లా మున్సిఫ్ కోర్టే తర్వాత జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అయింది.

ఈ-కోర్ట్స్ సైటులో అడ్వకేట్ పేరుతో వెతకవచ్చు గానీ, కంప్యూటర్లకు ముందు ముగిసిన కేసులు అందులో దొరకవు. ఇంటిపేరు స్పెల్లింగు నాలుగు రకాలుగా మార్చి చూడండి.

ఇక అసలు జాగ్రత్త. కక్షిదారు వకీలుకు చెప్పుకున్న రహస్యం వకీలు కుటుంబం సొత్తు కాదు. 1872 సాక్ష్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం కేసు ముగిసినా దాన్ని దాచే బాధ్యత పోదు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే 132వ సెక్షన్. ‘నేనే నరికానని నాన్నకు ముందే చెప్పాడు’ లాంటి మాటలు ఎంత రంజుగా ఉన్నా పుస్తకంలోకి రాకూడదు. ఫ్యాక్షన్ కేసులైతే కొట్టేసినవి కూడా పేర్లు, ఊర్లు లేకుండానే రాయాలి. రెండు పక్షాల పిల్లలూ అదే బజారులో తిరుగుతుంటారు. చనిపోయినవాళ్లను నిందించినా పరువునష్టం కేసు పడవచ్చు. కట్టల్లో క్రయపత్రాలు, వీలునామాలు, పాస్‌పుస్తకాల అసళ్లు దొరికితే కక్షిదారుకు గానీ వారసులకు గానీ ఇచ్చి, ఫోటో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. ఇది పుస్తకం కన్నా ముందు చేయాల్సిన పని.

కొడుకో కూతురో అదే ఆఫీసు నడుపుతుంటే పుస్తకంలో ఆఫీసు ఫోన్ నంబరు, చిరునామా వేయకండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన వకీళ్లు ప్రచారం చేసుకోవడాన్ని ఒప్పదు.

అచ్చుకు ఏ5 సైజు, 64 పేజీలు, 80 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో కాగితం, 300 జీఎస్‌ఎం అట్ట సరిపోతాయి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి, లేకుంటే చివర్లో ఖాళీ పేజీలు మిగులుతాయి. డీటీపీ సెంటర్లలో ఇంకా చాలాచోట్ల యూనికోడ్ కాని అను ఫాంట్లే. ఫోన్‌లో టైపు చేసిన యూనికోడ్‌ను వాటిలోకి మారిస్తే వత్తులు తారుమారవుతాయి. పేర్లలో ‘క్ష’, ‘ర’ వత్తు ప్రత్యేకంగా చూడండి. ప్రూఫ్ ఇంట్లో ఒకరు, బయట గుమాస్తా చూడాలి. కోర్టుల పేర్లు, కేసు నంబర్లు, తేదీలు ఆయన సరేనన్నాకే అచ్చుకు ఇవ్వండి.