రాజ్యాంగ చర్చలు చదవడం ఎలా? 4వ పాఠం: ఆ జవాబు ఏ ప్రశ్నకు?

పొడవైన ప్రసంగంలోంచి అసలు వాదనను బయటికి తీయడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి పని జవాబుతో. అడిగినదానికే చెప్పారా, పక్కదానికి చెప్పారా అని పట్టుకోవాలి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని చదివినా, ఫోన్‌లో చదివినా పక్కన నోట్‌బుక్ ఉంచుకోండి.

ముందు అమెరికా. 1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రాజ్యాంగ ముసాయిదా అక్కడితో చట్టం అయిపోలేదు. ఒక్కో రాష్ట్రంలో ఈ పని కోసమే ఎన్నుకున్న సభల ముందుకు వెళ్లింది. తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలన్నారు. వర్జీనియా సభలో ముసాయిదాను వ్యతిరేకించిన పాట్రిక్ హెన్రీ లేచి, దాని మొదట్లో 'రాష్ట్రాలమైన మేము' అనకుండా 'ప్రజలమైన మేము' అనే అధికారం వీళ్లకు ఎవరిచ్చారని నిలదీశాడు. అయినా 89–79 ఓట్లతో ఆమోదం వచ్చింది. రోడ్ ఐలండ్ మాత్రం ఊరూరా ఓటింగ్ పెట్టి మరీ తిరస్కరించింది. చివరికి 1790లో, రెండంటే రెండు ఓట్ల తేడాతో ఒప్పుకుంది.

ఇక మన రాజ్యాంగ సభ. దీని సభ్యుల్లో ఎక్కువమందిని 1946లో ప్రావిన్సుల (నాటి రాష్ట్రాల) శాసనసభ్యులు ఎన్నుకున్నారు. ఆ శాసనసభలకు ఓటు వేయాలంటే ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి మద్రాసు నుంచి సభ్యురాలయ్యారు. ఆమెను పంపిన శాసనసభ ఎన్నికల్లో డెల్టా పొలాల్లో నాట్లు వేసే కూలీల్లో చాలామందికి ఓటే లేదు. 1948 నవంబరులో సభ్యుడు దామోదర్ స్వరూప్ సేఠ్ సరిగ్గా ఈ లోపాన్నే పట్టుకున్నారు: వయోజన ఓటుతో కొత్త సభను ఎన్నుకునేదాకా ఆగాలన్నారు. నెగ్గలేదు.

1949 అక్టోబరు 17న పీఠికపై చర్చ. అధికారమంతా ప్రజల నుంచే వస్తుందని స్పష్టంగా రాయాలని సభ్యురాలు పూర్ణిమా బెనర్జీ సవరణ తెచ్చారు. అంబేడ్కర్ జవాబు సారాంశం ఇది: ఫిలడెల్ఫియాలో చిన్న గదిలో కూర్చున్న 13 రాష్ట్రాల ప్రతినిధులు ప్రజల పేరుతో మాట్లాడగలిగితే, 292 మంది ఉన్న మనం ఎందుకు మాట్లాడకూడదు?

ఇక్కడ పెన్సిల్ పట్టుకోండి. ఈ జవాబు గదిలో ఎంతమంది ఉన్నారన్న అనుమానాన్ని తీరుస్తుంది. వాళ్లను ఎవరు పంపారన్న సేఠ్ ప్రశ్నను తాకదు. ఆ రోజు అంబేడ్కర్ ముందున్నది సేఠ్ ప్రశ్న కాదు కాబట్టి ఇది తప్పించుకోవడం అనలేం. కానీ పోలికలో ఒక మెట్టు జారిపోయింది. ఫిలడెల్ఫియా గది తర్వాత రాష్ట్ర సభలున్నాయి. మన రాజ్యాంగాన్ని మాత్రం, దాన్ని రాసిన సభే 1949 నవంబరు 26న ఆమోదించింది. అమెరికా మెట్టును గొప్ప చేయడమూ సరికాదు. అక్కడ బానిసలకు, దాదాపు మహిళలందరికీ ఓటు లేదు. 1951–52 ఎన్నికల్లో మన కూలీలకూ ఓటు వచ్చింది కదా అనేవాళ్లున్నారు. ఆ ఓటు విలువ నాకు చాలా పెద్దది. అయినా రాజ్యాంగం కింద ఓటు వేయడం వేరు, రాజ్యాంగంపై ఓటు వేయడం వేరు. ఆ రెండింటినీ కలిపేసిన వ్యాసం కనబడితే మార్జిన్‌లో గుర్తు పెట్టండి.

అభ్యాసం: మీ ఊరి గ్రామసభ తీర్మానం ఒకటి సంపాదించండి. 'గ్రామ ప్రజలందరూ ఏకగ్రీవంగా' అని ఉంటే, ఆ రోజు ఎవరు వచ్చారు, కౌలు రైతులకు కబురు అందిందా అని వచ్చినవాళ్లనే అడిగి రాయండి. ఎవరైనా అభ్యంతరం చెప్పి ఉంటే, దానికి వచ్చిన జవాబును పైన చేసినట్టే పరీక్షించండి. వచ్చే పాఠంలో 1946 డిసెంబరు 13న నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానం చదువుదాం.