వర్చువల్ మెషీన్ మొదలుకాకపోయినా, మొదలై మొరాయించినా

లాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ లోపలే నడిపే మరో కంప్యూటర్) పెట్టుకున్నవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు గెస్ట్‌లో, అంటే లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, పుట్టవు. దాన్ని నడిపిస్తున్న హోస్ట్‌లో పుడతాయి. అందుకే ఏ చిక్కు వచ్చినా గెస్ట్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఎక్కువసార్లు వృథా శ్రమే అవుతుంది. కింది వివరాలు విండోస్ హోస్ట్‌గా, వర్చువల్‌బాక్స్ సాధనంగా ఉన్న లాప్‌టాప్‌లకు సంబంధించినవి.

సమస్య: మెషీన్ మొదలుకాదు, లేదా 64 బిట్ సిస్టమ్‌లు జాబితాలోనే కనిపించవు.

ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే నడిచే లాప్‌టాప్ సెట్టింగ్‌లలో, ఆపి ఉండటమే దీనికి సాధారణ కారణం. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి సీపీయూ మీద నొక్కితే, కింద వర్చువలైజేషన్ అన్న వరుసలో అది ఎనేబుల్ అయిందో లేదో కనిపిస్తుంది. కాకపోతే బయోస్‌లోకి వెళ్లి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే వీటీ-ఎక్స్ లేదా ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అన్న పేరుతో, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అన్న పేరుతో ఉండే అంశాన్ని ఆన్ చేసి సేవ్ చేయాలి. డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉన్నవారు ముందుగా రికవరీ కీని వేరే చోట భద్రపరచుకోవాలి; బయోస్‌లో మార్పుల తర్వాత విండోస్ దాన్ని అడిగే అవకాశం ఉంది.

సమస్య: బయోస్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా గెస్ట్ నత్తనడక నడుస్తోంది.

ఎక్కువమందిని తికమకపెట్టేది ఇదే. మెషీన్ కిటికీ కింది అంచున ఉండే చిన్న గుర్తుల వరుసలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే కారణం దొరికినట్టే. విండోస్‌కు చెందిన హైపర్-వి అనే హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను ముందే తన అధీనంలోకి తీసుకుందని, వర్చువల్‌బాక్స్ దాని మీద ఆధారపడి నడుస్తోందని ఆ బొమ్మకు అర్థం. హైపర్-విని తాము ఎన్నడూ ఇన్‌స్టాల్ చేయలేదని చాలామంది అంటారు, అది నిజమే కావచ్చు. కానీ డబ్ల్యూఎస్‌ఎల్ 2 (విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే సదుపాయం) గానీ, విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ గానీ ఆన్ అయి ఉంటే, దాని వెనుక పనిచేసేది ఆ హైపర్‌వైజరే.

పరిష్కారంగా విండోస్ ఫీచర్స్ జాబితాలో హైపర్-వి, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ అన్న మూడింటికీ టిక్ తీసేసి, మెమరీ ఇంటెగ్రిటీని ఆపి, లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయాలి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సమానం కాదు, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు విండోస్ కెర్నల్ (సిస్టమ్ కేంద్ర భాగం) పాత స్థితిలోనే తిరిగి లేస్తుంది. అయితే మెమరీ ఇంటెగ్రిటీ భద్రత కోసం పెట్టిన ఏర్పాటు, డబ్ల్యూఎస్‌ఎల్ 2 కొందరి రోజువారీ పనికి ఆధారం. ఆ రెండూ అవసరమైనవారు వర్చువల్‌బాక్స్‌ను వదిలి, తమ విండోస్ ప్రో ఎడిషన్ అయితే, నేరుగా హైపర్-విలోనే గెస్ట్‌ను నడుపుకోవడం మేలని నా అభిప్రాయం.

తాబేలు కనిపించకపోయినా వేగం లేకపోతే ర్యామ్ పంపకాన్ని చూడాలి. 8 జీబీ ఉన్న లాప్‌టాప్‌లో గెస్ట్‌కు 6 జీబీ ఇస్తే హోస్ట్ డిస్క్‌ను మెమరీలా వాడుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు రెండూ కుంటుపడతాయి. సగానికి మించి ఇవ్వకపోవడం మంచిది.

సమస్య: తెర చిన్నదిగా ఉండిపోయింది, కాపీ-పేస్ట్ పనిచేయదు.

గెస్ట్ అడిషన్స్, అంటే గెస్ట్ లోపల పెట్టుకోవాల్సిన వర్చువల్‌బాక్స్ డ్రైవర్లు, ఇన్‌స్టాల్ కాలేదని దీని అర్థం. డివైసెస్ మెనూ నుంచి ఆ సీడీ ఇమేజ్‌ను చొప్పించి, గెస్ట్ లోపల దాన్ని నడపాలి. గెస్ట్ లినక్స్ అయితే జీసీసీ, మేక్ అనే ప్రోగ్రామ్ తయారీ సాధనాలు, నడుస్తున్న కెర్నల్‌కు సరిపోయే హెడర్లు (దానికి తగ్గ డ్రైవర్లు తయారుచేయడానికి కావలసిన ఫైళ్లు) ముందుగా ఉండాలి. కెర్నల్ అప్‌డేట్ అయిన తర్వాత తెర మళ్లీ చిన్నదైతే కొత్త హెడర్లు లేవేమో చూడాలి. కాపీ-పేస్ట్ కోసం షేర్డ్ క్లిప్‌బోర్డ్‌ను బైడైరెక్షనల్‌గా మార్చాలి.

సమస్య: పని మధ్యలో మెషీన్ దానంతట అదే పాజ్ అయింది.

హోస్ట్ డిస్క్ నిండిపోయి ఉండవచ్చు. గెస్ట్‌కు డిస్క్‌గా పనిచేసే డైనమిక్ డిస్క్ ఫైల్ అవసరం కొద్దీ పెరుగుతుందే తప్ప, గెస్ట్‌లో ఫైళ్లు తీసేసినంత మాత్రాన తగ్గదు. స్నాప్‌షాట్లు (మెషీన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని భద్రపరిచేవి) తీసుకునేకొద్దీ మరింత చోటు పోతుంది. ముందు హోస్ట్‌లో అనవసరమైన ఫైళ్లు తొలగించి మెషీన్‌ను రెజ్యూమ్ చేసి, పని సేవ్ చేసుకుని, ఆపైన పాత స్నాప్‌షాట్ల సంగతి చూడాలి. స్నాప్‌షాట్ తొలగించే సమయంలో వర్చువల్‌బాక్స్ రెండు ఫైళ్లను కలుపుతుంది కనుక, ఆ కాసేపు అదనపు ఖాళీ కావాలి. వాటిని ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో డిలీట్ చేస్తే మాత్రం మెషీన్ ఇక తెరుచుకోదు.