పెట్టె ముందు తేనెటీగలు నేల మీద పాకుతుంటే

పొద్దున్నే తేనె పెట్టె దగ్గరికి వెళ్తే ద్వారం ముందు పది ఇరవై ఈగలు నేల మీద పాకుతూ కనిపిస్తాయి. చాలామంది జబ్బనుకుని టెన్షన్ పడి మందు కోసం పరుగెత్తుతారు. ముందు ఆకలీ చలీ చూడండి.

రెక్కలు బాగానే ఉన్నా ఎగరడం లేదు

ఇంధనం అయిపోయి ఉండొచ్చు. మిడత అయితే చక్కెర ఖర్చుతో ఎగరడం మొదలుపెట్టి, దూరం వెళ్లాల్సి వస్తే కొవ్వుకు మారుతుంది. తల దగ్గరి గ్రంథి వదిలే హార్మోన్ ఆ కొవ్వును రక్తంలోకి తెప్పిస్తుంది. తేనెటీగకు ఆ వెసులుబాటు లేదు, ఎగిరినంతసేపూ దాదాపుగా చక్కెరే దిక్కు. బయల్దేరేముందు గూట్లో కాస్త తేనె తాగి, కడుపులోని తేనె సంచిలో నింపుకుంటుంది. సంచి చివరి కవాటం ఒంటి అవసరాన్ని బట్టి కొద్దికొద్దిగా పేగులోకి వదులుతుంది. సెకనుకు 200 సార్లకు పైగా ఆడే రెక్కలకు ఆ తీపి అందకపోతే ఈగ ఉన్నచోటే కూలబడుతుంది.

తెల్ల చక్కెర, నీళ్లు సమాన బరువున కలిపి, పుల్లతో ఒక్క చుక్క దాని నోటి ముందు పెట్టండి. రెక్కలు తడవకూడదు. నాలుక చాచి తాగి కాసేపట్లో ఎగిరిపోయిందంటే అది ఆకలే. అప్పుడు అసలు పని పెట్టె లోపల ఉంది: చట్రాల్లో, అంటే ఈగలు పట్టు కట్టుకునే చెక్క ఫ్రేముల్లో, తేనె నిల్వ లేకపోతే సాయంత్రం ఈ చక్కెర పాకం లోపలే పెట్టండి. బయట పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. పూలు కరువైన వానాకాలంలో ఇది మరీ అవసరం. బెల్లం మాత్రం వద్దు, ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి.

తాగినా ఎగరలేదు, ఒళ్లు చల్లబడింది

రెక్కల కండరాలు సుమారు 30 డిగ్రీలకు వేడెక్కితే తప్ప ఈగ లేవలేదు. అందుకే రెక్కలు ఆడించకుండా కండరాలనే వణికించి వేడి పుట్టించుకుంటుంది. దానికీ చక్కెరే ఖర్చు. అరకు వైపు వలిసె (నూనెగింజల పంట) పూసే చలికాలంలో పొద్దుటి ఈగలు ఇలా బిగుసుకుపోవడం మామూలే. పొడి గుడ్డ మీద ఎండలో ఉంచితే తేరుకుంటాయి. పెట్టె ద్వారం తూర్పుకు తిప్పండి, చలిగాలి తగలకుండా చూడండి, ఎండ ఎక్కేదాకా మూత తెరవకండి.

ఎండాకాలంలో గుంపుగా బయట వేలాడుతున్నాయి

వేడి ఎక్కువైంది. నీడ కల్పించి, గులకరాళ్లు వేసిన పళ్లెంలో నీళ్లు పెట్టండి.

రెక్కలు ముడుచుకుపోయాయి, లేదా నాలుక చాచి గిరగిరా తిరుగుతున్నాయి

ఇక్కడ పాకం పనిచేయదు. ముడుచుకున్న రెక్కలంటే, ఈగల ఒంటిని పట్టి బతికే వరోవా అనే నల్లి మోసుకొచ్చే వైరస్‌ను అనుమానించాలి. చట్రాలు తీసి నల్లుల కోసం వెతకండి. నాలుక చాచి గిలగిలలాడుతుంటే పొలంలో కొట్టిన పురుగుమందు కావచ్చు. పక్క రైతుతో మాట్లాడండి: పూత మీద మందు కొట్టవద్దని, కొట్టక తప్పకపోతే ఈగలు గూటికి చేరాక పొద్దుగూకిన తర్వాతే కొట్టమని, ముందురోజే మీకు కబురు చెప్పమని అడగండి.