ఖరీదైన కెమెరా కొనాలా? ముందు ఒక నోటుబుక్కు కొనండి

మా బీరువా పై అరలో, దూరపువాటిని దగ్గరగా చూపే ఒక 70-300 లెన్స్ ఉంది. దాని కోసం ఏడాదిపాటు ఈఎంఐ కట్టాను. దాంతో తీసిన ఫొటోల్లో బాగున్నవి లెక్కపెడితే, కట్టిన వాయిదాలకంటే తక్కువే తేలాయి. రెండో వానాకాలం వెళ్లాక బయటికి తీసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడులా ఫంగస్. గుంటూరు ఉక్కపోతలో, తోలు సంచిలో, నెలల తరబడి ముట్టుకోకుండా పెడితే అంతే మరి. తప్పు లెన్స్‌ది కాదు. నాకు ఏం కావాలో తెలుసుకోకుండా కొనేశాను.

అందుకే ఎవరైనా "అన్నా, ఏ కెమెరా కొనమంటావు?" అని అడిగితే ఇప్పుడు కెమెరా పేరు చెప్పను. ముందు ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కోమంటాను.

1. ఒక నెల ఫోన్‌తోనే తీయండి

మొదట ఫోన్ లెన్స్‌ని మెత్తటి పాత నూలుగుడ్డతో తుడవండి. జేబులో చెమట, వేలిముద్రల జిడ్డు అంటుకున్న లెన్స్‌తో తీసి "నా ఫోన్ కెమెరా మసక" అనేవాళ్లు చాలామంది. సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు ఆన్ చేసుకోండి, ఫొటో వంకర రాదు. తెరమీద ముఖాన్ని తాకితే ఫోకస్ అక్కడ పడుతుంది. పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరిపితే వెలుగు తగ్గుతుంది. తాతగారి తెల్లపంచె మడతలు కనబడకుండా తెల్లటి ముద్దలా వస్తుంటే ఆ గుర్తును కొంచెం దించండి, మడతలు తిరిగొస్తాయి. రెండు వేళ్లతో లాగి జూమ్ చేయడం మాత్రం మానేయండి. దగ్గరికి నడవండి.

ఇక అసలు సంగతి వెలుగు. ఇంటి గుమ్మం కంటే మంచి స్టూడియో నేను చూడలేదు. మనిషిని గుమ్మానికి ఒక అడుగు లోపల, ముఖం వీధివైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఎండ నేరుగా తగలదు. ఆకాశం వెలుగు మాత్రం మెత్తగా ముఖంమీద పడుతుంది. ఒక చెంప చీకటిగా ఉంటే ఆ వైపు థర్మాకోల్ షీటు నిలబెట్టండి. హైదరాబాద్ నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకల మీద ఫొటోలు తీశారు. ఆ పలకలు వెలుగును పట్టడంలో మన ఫోన్ సెన్సర్‌కంటే ఎంతో వెనకబడినవి. అయినా ఆ ముఖాలు ఇవాళ్టికీ కళకళలాడుతున్నాయంటే, ఎవరిని ఏ వెలుగులో నిలబెట్టాలో ఆయనకు తెలిసుండబట్టే.

2. కుదరని ఫొటోలు రాసుకోండి

నోటుబుక్కు పని ఇక్కడ మొదలు. బాగా వచ్చిన ఫొటోల జోలికి పోకండి, చెడిపోయినవే రాయండి. ఒక్కోదానికి రెండు ముక్కలు: ఏం తీయాలనుకున్నాను, ఎందుకు కుదరలేదు. నా పాత పుస్తకంలోంచి కొన్ని:

అమ్మ తులసికోట దగ్గర దీపం పెడుతోంది – చెయ్యి చెదిరి మసక.
మేనకోడలి కూచిపూడి, స్టేజీ మీద – చేతులు తెల్లటి చారల్లా వచ్చాయి.
ఉప్పలపాడు చెరువులో పెలికాన్ – చీమంత.
మిరప కల్లంలో కూలీలు, మధ్యాహ్నం – కళ్లకింద నల్లటి నీడలు.
బాబాయి నవ్వు – ఫోన్ తీసేసరికి ఆగిపోయింది.

ముప్పై నలభై అయ్యేదాకా రాయండి. నాలుగు రాసి దుకాణానికి పరుగెత్తకండి.

3. పుస్తకం తిరగేసి కారణాలు లెక్కపెట్టండి

కళ్లకింద నీడలు, వెనకాల కరెంటు స్తంభం, జారిపోయిన నవ్వు... వీటిని ఏ కెమెరా బాగుచేయలేదు. కల్లానికి ఉదయం ఏడింటికి వెళ్లాలి, స్తంభం కనబడకుండా రెండడుగులు జరగాలి, బాబాయి జోకు మొదలెట్టగానే ఫోన్ చేతిలోకి రావాలి. నా పుస్తకంలో సగానికి పైగా ఇలాంటివే ఉన్నాయి. చూసుకుంటే కాస్త సిగ్గేసింది.

కదలని వస్తువు చీకట్లో మసగ్గా వస్తే కావలసింది ఆధారం. రెండు కిలోల బియ్యం సంచిని గోడమీద పెట్టి, దాంట్లో ఫోన్‌ని కాస్త అదిమి నిలబెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. దీపం ఫొటో అలాగే సాధించాను. కాకపోతే అమ్మను ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి నిలబడమన్నాను, అది వేరే గొడవ.

చీకట్లో కదిలే మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సామానుకు విలువ ఉంది. కెమెరాతోపాటు వచ్చే మామూలు జూమ్ లెన్స్‌ని పూర్తిగా సాగదీస్తే దాని కన్ను ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దదిగా తెరుచుకున్నట్టు. అదే 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ అయితే దాదాపు పది రెట్లు వెలుగు లోపలికొస్తుంది. 5.6ని 1.8తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ దానితోనే గుణిస్తే ఈ లెక్క మీకే తేలుతుంది. అంటే సెకనులో 20వ వంతుకు తీయాల్సిన ఫొటోని 200వ వంతుకే తీయొచ్చు. నర్తకి చెయ్యి చారలా కాకుండా ముద్రలా కనబడేది అప్పుడే. పెద్ద కంపెనీలు అమ్మే లెన్సుల్లో బాగా చవకైనవాటిలో ఇది ఒకటి. లక్షల బాడీకి (అంటే లెన్స్ లేని ఒట్టి కెమెరాకి) మామూలు లెన్స్ తగిలించే బదులు, పాత బాడీకి ఇది తగిలించడం నాకు నచ్చిన పద్ధతి.

దూరంలో ఉన్న పక్షి మాట వేరు. లెన్స్ మీద మి.మీ. అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనబడతాయి. ఫోన్ అసలు లెన్స్ సుమారు 25 మి.మీ. లెన్స్ చూసినంత చూస్తుంది. 400 మి.మీ. లెన్స్‌లో అదే పక్షి పదహారు రెట్లు పొడుగ్గా కనబడుతుంది. పులికాట్ నీళ్లలో దూరంగా నిలబడ్డ ఫ్లెమింగోల్ని ఫొటో తీయాలంటే ఇక్కడ డబ్బు పెట్టక తప్పదు. ఉప్పలపాడు అలా కాదు. చెరువు ఊళ్లోనే, చెట్లు చెరువులోనే, పక్షులు ఆ చెట్లమీదే. అక్కడ 300తో పని జరుగుతుంది. కాబట్టి లెన్స్ ఎంచుకునే ముందు మీరు ఏ చెరువుకు వెళ్తారో చూసుకోండి.

ఇక మెగాపిక్సెల్స్ సంగతి. ఫొటోలోని ఒక్కో చుక్క ఒక పిక్సెల్, పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్. 4 x 6 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 22 లక్షల పిక్సెళ్లు కూడా అక్కర్లేదు. గోడకు తగిలించే 12 x 18కి, కాస్త దూరం నుంచి చూస్తాం కాబట్టి అంగుళానికి 200 చాలనుకుంటే, సుమారు 86 లక్షలు. ఇప్పుడు మామూలు ఫోన్లు కూడా 1 కోటి 20 లక్షలు ఇస్తున్నాయి. ఈ లెక్క కోసం కొత్త కెమెరా కొనకండి.

ఒక్క మినహాయింపు. డబ్బులు తీసుకుని పెళ్లిళ్లు తీసేవాళ్లకు రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరా, ఇంకో కెమెరా తోడుగా ఉండాల్సిందే. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలో కార్డు చెడిపోతే పెళ్లివారికి చెప్పుకోవడానికేం ఉండదు. సరదాగా తీసేవాళ్లకు ఆ టెన్షన్ లేదు, ఆ ఖర్చూ అక్కర్లేదు.

4. ఒక్కరోజు అద్దెకు తెచ్చుకోండి

ఏ కారణం ఎక్కువసార్లు రాశారో తేలాక, దానికి తగ్గ లెన్స్‌ని శనివారం అద్దెకు తెచ్చి ఆదివారం తిప్పి ఇచ్చేయండి. పెళ్లి ఫొటోగ్రాఫర్లే ఎన్నో లెన్సులు అద్దెకు తెచ్చుకుంటారు. ఐడీ కార్డు, డిపాజిట్ అడుగుతారు. తీసుకునేటప్పుడే గీతలున్నచోట ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకోండి, తర్వాత వాదన ఉండదు. మెడలో రోజంతా మోశాక కూడా ఇంకా కావాలనిపిస్తే కొనొచ్చు. నేను ఆ 70-300ని ముందు ఇలా ఒక్కరోజు మోసి ఉంటే దాని బరువు తెలిసేది.

5. పాతది కొనేటప్పుడు

కంపెనీలు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల వైపు వెళ్లిపోవడంతో పాత డీఎస్ఎల్ఆర్‌లు (లోపల అద్దం ఉన్నవి) అందుబాటు ధరలకు దొరుకుతున్నాయి. హైదరాబాద్ కోఠి లాంటి చోట్లకు వెళ్తే మీ మెమరీ కార్డు, ఒక టార్చి వెంట తీసుకెళ్లండి. టార్చి వెలుగును లెన్స్ ఒకవైపు నుంచి పంపి రెండోవైపు నుంచి చూడండి. లోపల దారాల్లాంటి పోగులుంటే అది ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఎఫ్ 16 పెట్టి తెల్లగోడని ఫొటో తీయండి, సెన్సర్ మీద దుమ్ము ఉంటే చుక్కలుగా కనబడుతుంది. షట్టర్ (ఫొటో తీసిన ప్రతిసారీ తెరుచుకుని మూసుకునే తెర) ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. చిన్న మోడళ్లలో చాలావాటికి కంపెనీలు చెప్పే ఆయుష్షు 1 లక్ష సార్ల దాకా.

నికాన్ కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 3000, 5000 వరుసల చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్-డి లెన్స్ చవగ్గా వచ్చిందని తగిలిస్తే ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. వీటికి ఏఎఫ్-ఎస్ లాంటి, మోటారు తనలోనే ఉన్న లెన్స్ కావాలి. కెనాన్ ఈఎఫ్ లెన్సుల్లో ఈ గొడవ లేదు, మోటారు లెన్స్‌లోనే ఉంటుంది.

6. కొన్నదాన్ని బతికించుకోండి

తోలు సంచి, బట్టల బీరువా రెండూ వద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారితే తేమ నిండిందని గుర్తు, అప్పుడు కొత్తవి వేయండి. బియ్యంలో పెట్టకండి, పిండి దుమ్ము లెన్స్ సందుల్లోకి పోతుంది. వారానికోసారైనా తీసి వాడండి.

నా నోటుబుక్కు ఇప్పుడు మూడోది. కిందటి ఆదివారం రాసింది ఇది: ఉప్పలపాడు, తెల్లవారుజాము, పెలికాన్ రెక్కలు విప్పింది – బ్యాటరీ చార్జింగ్ పెట్టడం మర్చిపోయాను.