శుద్ధ శ్రుతుల సాధన – 5వ పాఠం: కామాను చెవితో పట్టుకోవడం

పోయిన పాఠంలో పంచమాన్ని 3:2, అంతర గాంధారాన్ని 5:4 నిష్పత్తిలో పలికించాం. విడివిడిగా రెండూ హాయిగానే ఉన్నాయి. కానీ పంచమాలు పేర్చుకుంటూ గాంధారం దాకా వెళ్తే చేరేది ఆ గాంధారానికి కాదు. ఆ కాస్త తేడానే సింటోనిక్ కామా.

లెక్క చిన్నదే. స 240 హెర్ట్జ్ అనుకోండి. ప 360. దాని పంచమం 540, ఒక స్థాయి దించితే (అంటే సగం చేస్తే) రి 270. దాని పంచమం ధ 405. దాని పంచమం 607.5, స్థాయి దించితే గ 303.75. నేరుగా 5:4తో కట్టిన గ మాత్రం 300. రెండింటి నిష్పత్తి 81:80, అంటే సుమారు 21.5 సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత). కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు.

ఇక చెవి పని. రెండు స్వరాలను ఒకేసారి మోగించే టోన్ జనరేటర్ యాప్ ఏదైనా సరిపోతుంది. అందులో తరంగ రూపం ఎంచుకునేటప్పుడు సైన్ వేవ్ వద్దు, దానిలో అనుస్వరాలు (హార్మోనిక్స్, అంటే మూల స్వరంతోపాటే మోగే దాని 2, 3, 4... రెట్ల స్వరాలు) ఉండవు, అవి ఉండే సాటూత్ పెట్టండి. సౌండ్ తగ్గించుకోండి, సాటూత్ కాస్త కరుకుగా ఉంటుంది.

240ని ఆపకుండా మోగనిచ్చి, పక్కన 298 మొదలుపెట్టండి. నాదం గబగబా అలలుగా ఊగుతుంది. వీటినే బీట్స్ అంటారు. స ఐదో అనుస్వరం 1200, గ నాలుగోది 1192. తేడా 8 కాబట్టి సెకనుకు 8 బీట్స్. 299 దగ్గర 4. 300 దగ్గర ఊగడం ఆగిపోతుంది. అక్కడ తొందరపడకుండా చాలాసేపు ఉండండి, ఈ పాఠంలో అసలు సాధన అదే. తర్వాత 303.75కి జరపండి. సెకనుకు 15 బీట్స్ వచ్చి నాదం గరగరలాడుతుంది.

కీబోర్డుకు అలవాటైన చెవికి మొదట్లో 300 శ్రుతి తగ్గినట్టు అనిపించవచ్చు, ఎందుకంటే కీబోర్డు గ దాదాపు 302.4. అనిపించేదాన్ని పక్కనపెట్టి బీట్స్‌నే నమ్మండి.

గ కుదిరిందని కామా మాయం కాదు, ఇంకోచోట తేలుతుంది. స నుంచి 5:3లో ధ కడితే 400. దాన్ని రి 270తో కలిపి మోగించండి: 3:2 రాదు, సెకనుకు 10 బీట్స్ వస్తాయి. ధను 405 చేస్తే రితో కుదురుతుంది, సతో చెడుతుంది. రిని 266.67కి దించితే ధ 400తో కుదురుతుంది, కానీ ప 360తో ఏమవుతుంది? వచ్చే పాఠంలోపు మోగించి, సెకనుకు ఎన్ని బీట్స్ వచ్చాయో రాసుకోండి.